కాశిబుగ్గకు మూడో మనిషిగా వెళ్ళిన ఆదివారం

మంగళవారం మధ్యాహ్నం ల్యాబ్‌లో రక్తం సీసాలకు స్టిక్కర్లు అంటిస్తుంటే వరంగల్ నుంచి సుగుణ పెద్దమ్మ ఫోన్ చేసింది. కాశిబుగ్గలో మా చిన్న క్రైస్తవ సహవాసానికి ప్రతి శనివారం రొట్టె చేసే మనిషి ఆమె. నాకు చుట్టం కాదు, కానీ అమ్మ పోయాక వరంగల్‌లో నన్ను ‘బిడ్డా’ అని పిలిచేవాళ్ళలో మిగిలింది ఆమె, సహవాసం పెద్ద శాంతయ్య తాత, అంతే. ఆమె ఫోన్ చేసి మూడేళ్ళయింది. నేను చేసి అంతకంటే ఎక్కువే అయింది. బాగోగులేమీ అడగకుండా, "వచ్చే ఆయితారం ఒక్కసారి రారాదు బిడ్డా. ఇద్దరమే ఉన్నం. నువ్వొస్తే ముగ్గురమైతం," అంది.

ఈ ముగ్గురి సంగతి బయటివాళ్ళకు కొంచెం చెప్పాలి. మా సహవాసంలో ప్రతి ఆదివారం ఒకే రొట్టెను విరిచి, ఒకే గిన్నెలోని ద్రాక్షరసాన్ని అందరూ పంచుకుంటారు. దాన్నే బల్ల అంటాం. నేను పుట్టకముందు ఎవరో ఇద్దరు అన్నదమ్ములు పోట్లాడుకుని, ఎవరింట్లో వాళ్ళు భార్యతో కూర్చుని బల్ల పెట్టుకున్నారట. అప్పుడు పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. ముగ్గురికి తక్కువైతే రొట్టె విరవకూడదు. ఆ మాట అనుకున్న రోజు గదిలో అరవై మంది ఉండి ఉంటారు. ముగ్గురికి కరువొస్తుందని ఎవరికి తోస్తుంది? చదువులనీ ఉద్యోగాలనీ సగం మంది ఊళ్ళు వదిలారు. కొందరు హనుమకొండలో మైకులూ డ్రమ్ములూ ఉన్న పెద్ద మందిరాలకు మారారు. కరోనా అప్పుడు ఫోన్లో ఆరాధన చూడడం నేర్చుకున్నవాళ్ళు కరోనా పోయినా ఫోన్ వదల్లేదు. ముసలివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పోయారు. పోయిన వానాకాలం నుంచి మిగిలింది తాత, పెద్దమ్మ.

అప్పటి నుంచి బల్ల లేదు. అయినా పెద్దమ్మ శనివారం రొట్టె చేస్తూనే ఉంది. ఆదివారం తెల్లగుడ్డ కప్పి బల్ల మీద పెట్టి, ఎవరైనా వస్తారేమోనని పన్నెండు దాకా చూసి, దాన్ని విరవకుండానే ఇంటికి తీసుకుపోతూనే ఉంది. మేం కూడుకునేది ఒక దుకాణం పైన గదిలో. ఇప్పుడు ఆ దుకాణం షావుకారు సరుకు పెట్టుకోవడానికి వచ్చే నెల నుంచి గది కావాలన్నాడట. కాబట్టి ఆ గదిలో ఇదే ఆఖరి ఆదివారం. చివరికి ఒక్కసారైనా రొట్టె విరిచి తలుపు వెయ్యాలని ఆమె కోరిక. "నీకు ఆడ మంచిగ సహవాసం దొరికింది గదా బిడ్డా? పోతానవ్ గదా?" అని అడిగింది. "ఆ, పోతాన పెద్దమ్మా," అన్నాను. నోటికి వచ్చేసింది. అబద్ధం ఆడాలని ఆడలేదు, నిజం చెప్పడానికి బద్ధకించాను. నిజమేమిటంటే, హైదరాబాద్ వచ్చిన పదకొండేళ్ళలో నేను ఏ సంఘంలోనూ చేరలేదు. ఆదివారం డ్యూటీ లేకపోతే ఫోన్‌ను పప్పు డబ్బాకు ఆనించి ఆరాధన వీడియో పెట్టుకుని, బట్టలు ఆరేసుకుంటూ వాక్యం వినేదాన్ని. బోధ సాగదీస్తే వేగం పెంచేదాన్ని. బల్ల సమయంలో టీలో ముంచుకునే బిస్కెట్టే రొట్టె. ఇంత భక్తురాలిని పట్టుకుని ఆమె మూడో మనిషిగా పిలిచింది.

ఇక ప్రయాణం. సికింద్రాబాద్‌లో ఉదయం ఆరుకు ముందు బయలుదేరే ఎక్స్‌ప్రెస్ ఏదైనా పట్టుకుంటే ఎనిమిదిన్నర లోపే వరంగల్‌లో దిగవచ్చు. సెకండ్ సిట్టింగ్ టికెట్ వంద రూపాయల లోపే. బస్సు కంటే రైలే నయం, ఏప్రిల్ ఎండల్లో మరీను. హనుమకొండలో పని ఉన్నవాళ్ళు కాజీపేటలో దిగండి. కాశిబుగ్గకైతే ఇంకొక్క స్టేషన్ ఓపిక పట్టి వరంగల్‌లోనే దిగాలి. కొత్తవాళ్ళు కాజీపేటలో జనం దిగడం చూసి తామూ దిగిపోయి ఆటోకు మూడింతలు పెట్టుకుంటారు. నేను కిటికీ పక్కన కూర్చుని, చాలా ఏళ్ళకు బయటికి తీసిన బైబిల్ ఒళ్ళో పెట్టుకున్నాను. దాని తొడుగు జిప్పు బిగుసుకుపోయి రాలేదు, సబ్బు రాసి లాగాల్సి వచ్చింది. రైల్లో నా మనసు నిజంగా తేలికగా ఉంది. వాళ్ళ కోసం పోతున్నానని, ఒక మంచిపని చేస్తున్నానని లోలోపల మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

స్టేషన్ బయట ఎదురు వరుసలో ఒక చిన్న టిఫిన్ బండి ఉంది. ప్లేటు ఇడ్లీ ముప్పై, మైసూర్ బజ్జీ నలభై. బజ్జీలు నూనెలోంచి అప్పుడే తీస్తున్నారు. బండి నడిపే ఆమె గరిటె ఆపకుండానే, "కూసో అక్కా, వేడి వేడిగ ఉన్నయ్, తిని పో," అంది. కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. కానీ బల్లకు ముందు ఏమీ తినకపోవడం అమ్మ నేర్పిన అలవాటు. పదకొండేళ్ళు పట్టని అలవాటు ఆ రోజు ఎందుకో గట్టిగా పట్టుకుంది. "మధ్యాహ్నం తింటానమ్మా, ఉపవాసం," అన్నాను. "ఆయితారం నాడు ఏం ఉపవాసమో!" అని నవ్వి ఒక గ్లాసు నీళ్ళు ఇచ్చింది. మీకు ఉపవాసాలు లేకపోతే అక్కడ తప్పకుండా తినండి. చట్నీ వాసనకే ప్రాణం లేచివచ్చింది.

స్టేషన్ నుంచి చౌరస్తా, పోచమ్మ మైదాన్ మీదుగా కాశిబుగ్గకు షేర్ ఆటోలో ఇరవై రూపాయలు, ఒక్కరే మాట్లాడుకుంటే ఎనభై నుంచి వంద. షేర్ ఆటో నిండేదాకా ఆగలేక ఒక్కదాన్నే ఎక్కాను. ఆటో ఖాజా భాయ్‌ది. గడ్డం నెరిసింది గానీ మాట చురుకు. ఒళ్ళో పుస్తకం చూసి, "చర్చికా మేడం? కాశిబుగ్గల ఏ చర్చి?" అన్నాడు. చర్చి కాదు, దుకాణం పైన గది అని, ముగ్గురం కూడుకుంటామని చెప్పాను. అద్దంలోంచి నన్నొకసారి చూశాడు.

"ముగ్గురేనా?"

"ముగ్గురమే. నేను పోకపోతే ఇద్దరే."

"అట్లయితె జర తొందరగ పోనిస్త," అని గేరు మార్చాడు. కాసేపాగి తనే అన్నాడు. "మాది గూడ గంతే మేడం. నమాజ్ ఇంట్ల ఒక్కణ్ణే చేస్కోవచ్చు. గని మసీదుల అందరితోని జమాత్ల చేస్తె దాని లెక్క వేరు. మొన్న జ్వరమొచ్చి ఒక్క శుక్రవారం పోలే. నలుగురు ఇంటికొచ్చిన్రు, ఏమైంది ఖాజా అని. జ్వరం కంటె వాళ్ళకు చాయ్ పెట్టుడే పెద్ద పనయింది మా ఇంటామెకు!" ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. తిరుగు ప్రయాణానికి రమ్మంటే ఒంటిగంటన్నరకు వస్తానన్నాడు.

కాశిబుగ్గలో మగ్గాల చప్పుడు నా చిన్నప్పటంత లేదు. ఒక సందులో రెండిళ్ళ అవతల ఒక మగ్గం నడుస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది. శాంతయ్య తాతదీ అదే పని, జంపఖానాలు నేసేవాడు. ఇప్పుడు ఎనభైకి దగ్గర. చూపు తగ్గాక మగ్గం విప్పేశాడు. దుకాణం పక్క మెట్లెక్కి వెళ్ళేసరికి తొమ్మిదిన్నర. గదిలో గోడవారన పెద్ద జంపఖానా చుట్ట. సహవాసం మొదలైనప్పుడు అరవై మంది కూర్చోవడానికి తాత సొంత చేతుల్తో నేసింది అది. ఎర్రచార, నీలంచార, మళ్ళీ ఎర్రచార. పిల్లలమంతా ఎర్రచారల మీద కూర్చోవాలని మాలో మాకు ఒక పట్టింపు ఉండేది. ఆ రోజు తాత దాన్ని మూడు బారలు మాత్రమే పరిచాడు. మిగతాదంతా చుట్టగానే ఉంది. ముందు చెక్క బల్ల, దాని మీద తెల్లగుడ్డ. గుడ్డ కింద రొట్టె ఆకారం కనబడుతోంది.

పెద్దమ్మ నన్ను చూసి రెండు చేతులతో నా ముఖం పట్టుకుంది. "బక్కగైనవ్ బిడ్డా. ఏం తింటానవో ఏమో!" అంది. ఆమె కొత్త చీర కట్టుకుంది, మడతలు ఇంకా పోలేదు. తాత నా గొంతు విని గుర్తుపట్టి, "సునీతా? మంచిగ వచ్చినవ్ బిడ్డా. ఇయ్యాల దేవుడు ముగ్గుర్ని చేసిండు," అన్నాడు. ఆ మాటకు పెద్దమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను ఎర్రచార మీద కూర్చున్నాను. అప్పుడు తాత చెయ్యి చాపి, ఎంతో మామూలుగా అడిగాడు. "మీ సంఘపోళ్ళు రాసిచ్చిన ఉత్తరం తే బిడ్డా."

ఉత్తరం! మా సహవాసాల్లో ఇది పాత పద్ధతి. ఒక ఊరి విశ్వాసి మరో ఊరిలో బల్లలో పాలు పొందాలంటే తన సంఘం పెద్దలు రాసిచ్చిన పరిచయ ఉత్తరం తీసుకువెళ్ళాలి. ఈమె మాలో ఒకతె, నమ్మకంగా కూడుకుంటుంది, చేర్చుకోండి అని అందులో ఉంటుంది. నాకు ఈ పద్ధతి తెలియక కాదు. పుట్టి పెరిగిన గదికి వెళ్ళడానికి కూడా ఉత్తరం కావాలని తోచలేదు. పెద్దమ్మ ఫోన్లో చెప్పలేదు. కూడుకునే మనిషి ఉత్తరం తెచ్చుకుంటుంది గదా, అది కూడా చెప్పాలా అనుకుని ఉంటుంది.

"తొందరలో మర్చిపోయిన తాతా," అన్నాను. రెండో అబద్ధం.

"దానికేం ఫికర్ బిడ్డా. ఫోన్ చేసి అడుగుదం. మీ పెద్దమనిషి పేరేంది? నంబర్ కలుపు." తన బటన్ ఫోన్ జేబులోంచి తీసి నాకు అందించాడు. పెద్దమ్మ నా వైపే చూస్తోంది, ధీమాగా, గర్వంగా. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. కింద దుకాణంలో ఎవరో బియ్యం సంచి దించిన చప్పుడైంది. ల్యాబ్‌లో స్నేహితుడి నంబరు కలిపి ఏదో ఒకటి చెప్పించవచ్చని కూడా ఒక్క క్షణం అనిపించింది. అంత దాకా పోయింది బుర్ర.

చివరికి చెప్పాను. "నేను ఏ సంఘంల లేను తాతా. ఎక్కడా చేరలేదు. ఫోన్ల చూస్తాన, అంతే."

పెద్దమ్మ మొహంలో ధీమా పోవడం చూశాను. అది చూడకుండా ఉంటే బాగుండేది. నేను చప్పున బైబిల్ జిప్పు తీశాను. అందులో అమ్మ పెట్టిన ఎండిన వేపాకుల పక్కన ఒక కవరు ఉంది. పదకొండేళ్ళ క్రితం నేను హైదరాబాద్ వెళ్ళే ముందు ఇదే గదిలో తాత రాసి ఇచ్చిన ఉత్తరం. హైదరాబాద్‌లో ఏ సంఘానికి వెళ్తే అక్కడ ఇవ్వమన్నది. మొదటి ఆదివారం డ్యూటీ పడింది. రెండో ఆదివారం జ్వరం. మూడో ఆదివారానికి, ఇన్ని రోజులు ఎక్కడున్నావని అడుగుతారేమోనని మొహమాటం. ఆ తర్వాత నెలలు, ఏళ్ళు. కవరు అంటించినట్టే ఉంది. "ఇది ఉన్నది తాతా. మీరు రాసిందే," అని ఆయన చేతిలో పెట్టాను. సొంత మనిషికి సొంత ఉత్తరం చాలదా అని నాకొక చిన్న ఆశ.

తాత కవరు చించి కాగితం పెద్దమ్మకిచ్చి చదవమన్నాడు. ఆమె కూడబలుక్కుంటూ చదివింది. మా సహోదరి సునీత మా మధ్య పెరిగినది, నమ్మకంగా నడిచినది, మీ ఊరిలో ఒంటరిగా ఉండబోతున్నది, దయచేసి ఆమెను మీలో చేర్చుకొనండి అని ఉంది. కింద అయిదుగురి సంతకాలు. తాత ఒక్కొక్క పేరు చదివించుకున్నాడు. మొదటి పేరుకు, "పోయిండు," అన్నాడు. రెండో పేరుకు, "పోయిండు." మూడో పేరుకు, "హనుమకొండ పెద్ద మందిరంల ఉన్నడు, కలుస్తలేడు." నాలుగో పేరుకు వదిలెయ్యమన్నట్టు చెయ్యి మాత్రం ఊపాడు. అయిదోది ఆయన పేరే.

పెద్దమ్మే ముందు మాట్లాడింది. "అన్నా, పిల్ల మన కండ్ల ముంగట పెరిగింది. ఇదే జంపఖానా మీద పాకింది. ఇయ్యాల ఒక్కనాడు కూసోని ఇరుద్దం. ఎవలకు సంజాయిషీ చెప్పాలె మనం? రేపటికి గదే ఉండదు."

"ఇద్దరు ముగ్గురు కూడుకుంటె చాలని వాక్యంల ఉంది గదా తాతా," అని నేనూ గొణిగాను. "ముగ్గురం ఉన్నం గదా."

తాత ఆ కాగితం తీసుకుని వేళ్ళతో తడిమాడు. కోపం చేస్తాడనుకున్నాను. కోపం చేసినా బాగుండేది. "అబద్ధమాడినవని కాదు బిడ్డా," అన్నాడు. "అబద్ధాలు నేను గూడ ఆడిన. మగ్గం మీద కూసోని ఎన్ని ఆడిన్నో. నాకు బాధయేది వేరే. ఈ ఉత్తరం రాసిన్నాడే నీ పేరు ఈడ సంఘం పుస్తకంలకెల్లి తీసేసినం. ఆడ రాసుకుంటరని. ఆడ రాసుకోలే. పదకొండేండ్లు నువ్వు ఏ పుస్తకంల లేవు. ఒక్కదానివే ఉన్నవ్. ఇగ నేనేమో, మంచిగున్నది పిల్ల అనుకోని నిద్రపోయిన. ఒక్క ఫోన్ చేసిన్నా? చెయ్యలే."

"నేను చెయ్యలే తాతా. నాది తప్పు," అన్నాను.

"ఇయ్యాల గూడ ఎందుకు పిలిచినం? మూడో మనిషి కావాలని పిలిచినం. సునీత కావాలని పిలువలే. గీ ఒక్క పూట మన బల్ల నిలవెట్టుకునేటందుకు నిన్ను పిలిస్తిమి." పెద్దమ్మ ఏడుపు అందుకుంది. తాత ఆమె వైపు తిరిగాడు. "దేవుడు మనల్ని కూడుకొమ్మని పిలిచింది గిందుకా సుగుణమ్మా? ఒక్కతె ఉన్న పిల్లను తెచ్చి కూసోవెట్టి, ముగ్గురమైనం అని రొట్టె ఇరిచి, మల్ల ఒక్కదాన్నే రైలెక్కించుడా? నాతోని కాదు. నేను ఇరవ."

విరవలేదు. పాట పాడాం, ప్రార్థన చేశాం, తాత వాక్యం చెప్పాడు. చెప్పడమంటే, రెండు మాటలు చెప్పి ఆగిపోయాడు, ఇంక రాలేదు. పాట మాత్రం చివరి చరణం దాకా పాడాం. నాకు ఇంకా గుర్తుండడం చూసి నాకే ఏడుపొచ్చింది. పన్నెండయింది. పెద్దమ్మ బల్ల మీది గుడ్డ తీసింది. మైదాపిండి రొట్టె, పెనం మీద సన్నటి సెగకు కాల్చింది, అరచేయంత, మందంగా. అంచుల్లో ఎర్రగా కాలింది. ఎక్కడా పగుల్లేదు. దానివైపు ముగ్గురమూ చూశాం. ఆమె దాన్ని కాగితంలో చుట్టడం మొదలుపెట్టింది.

ఉత్తరం తాత ఒళ్ళోనే ఉంది. దాన్ని ఇక్కడే ఉంచుకోమని, నా పేరు మళ్ళీ ఇక్కడే రాసుకోమని అడిగాను. అది ఆశో, మొండితనమో నాకే తెలియదు. ఆయన నవ్వినట్టు చేసి, కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. "మేం రాసిన ఉత్తరం మాకే ఇస్తే ఏం చేసుకుంటం బిడ్డా? ఇది ఆడ ఇచ్చేటందుకు రాసిన. నా మాట నేను ఎనకకు తీసుకోలే, ఇంకా చెల్లుతది. ఈడ ఎవలు లేకున్నా చెల్లుతది." చెల్లుతుందో లేదో నాకు తెలియదు. రేపటి నుంచి ఉండని సహవాసం రాసిన ఉత్తరాన్ని ఎవరు నమ్ముతారో కూడా తెలియదు. తీసుకుని బైబిల్‌లో పెట్టుకున్నాను.

జంపఖానా చుట్టడానికి సాయం పట్టాను. దాన్ని ఎక్కడ పెడతారని అడిగాను. తాత ఇల్లు ఒక్క గది, పెద్దమ్మది అంతకంటే చిన్నది. నన్ను తీసుకుపొమ్మన్నారు గానీ మా ఫ్లాట్‌లో గోడ నుంచి గోడకు దానిలో సగం కూడా పట్టదు. ఆఖరికి మెట్ల కింద పెట్టుకోనిస్తానని షావుకారు ఒప్పుకున్నాడు. మెట్లు దిగుతుంటే ఆయనే చాయ్ తెప్పించాడు. చెడ్డమనిషి కాదు. గది ఖాళీ చేయిస్తున్నందుకు కొంచెం ఇబ్బందిగా కూడా ఉన్నాడు. పెద్దమ్మకు కప్పు అందిస్తూ, "ఇయ్యాల మూడు గొంతులు వినవడ్డయమ్మా. శాన దినాలైంది మీ పాట గట్ల విని. ఎవలన్న కొత్తోళ్ళు కలిసిన్రా?" అని అడిగాడు. పెద్దమ్మ చాయ్ ఊదుకుంది. "లేదు సేటూ, పాతమనిషే," అన్నాడు తాత.

ఖాజా భాయ్ ఒంటిగంట ఇరవైకే వచ్చి హారన్ కొట్టాడు. పెద్దమ్మ రొట్టె పొట్లం నా సంచిలో పెట్టింది. "పొద్దటి సంది ఏం తినలేవు. రైల్ల టీ తోటి తిను బిడ్డా. ఉట్టి రొట్టెనే ఇగ అది," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నా కళ్ళలోకి చూడలేదు. తాత గుమ్మం దగ్గర నిలబడి, ఆటో ఎటువైపు ఉందో సరిగ్గా కనబడక, కొంచెం పక్కకు చెయ్యి ఊపాడు. పోచమ్మ మైదాన్ దాటాక ఖాజా భాయ్, "ముగ్గురు కూడిన్రా మేడం?" అని అడిగాడు. కూడాం భాయ్ అన్నాను. నేనాడిన మూడో అబద్ధం అదేనేమో. ఆయన సంతోషపడి, వంద మాట్లాడుకున్నవాడు ఎనభై చాలన్నాడు.

మధ్యాహ్నం సికింద్రాబాద్ వైపు రైళ్ళకు కొదవ లేదు. రెండున్నర దాటాక వచ్చిన రైలెక్కాను. ఆదివారం కాబట్టి జనం కిక్కిరిసి ఉన్నారు. తలుపు దగ్గర కింద కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకున్నాను. కాజీపేట దాకా ఓర్చుకున్నాను. జనగామ దాటాక ఆకలికి కళ్ళు తిరిగాయి. పొట్లం విప్పాను. ముగ్గురికి విరవాల్సిన రొట్టెను ఒక్కదాన్నే తుంచుకుని, పక్కనున్నవాళ్ళ మోకాళ్ళు తగులుతుండగా తిన్నాను. ప్రార్థన చేయలేదు, ఏమని చేయాలో తెలియలేదు. ఉప్పు సరిపోయింది. మామూలు రొట్టె రుచే. ఎదురుగా ఉన్న ఒక ముసలామె చూస్తుంటే సగం ఇవ్వబోయాను, వద్దని చెయ్యూపింది. అంతా నేనే తిన్నాను.

ఇది చదివి మీరెవరైనా పాత సహవాసానికో, చిన్నప్పుడు కూర్చున్న గదికో వెళ్ళాలనుకుంటే, ఓదార్పు దొరుకుతుందని నేను చెప్పలేను. నాకు దొరకలేదు. విశ్వాసం నా ఒక్కదాని సంగతి, మనసులో ఉంటే చాలు అని ఇన్నేళ్ళు వాదించుకున్నాను. వాదన బాగానే ఉండేది. కానీ ఒక్క శుక్రవారం కనబడకపోతే ఖాజా భాయ్ ఇంటికి నలుగురు వచ్చారు. పదకొండేళ్ళలో అయిదు వందలకు పైగా ఆదివారాలు నేను ఎక్కడా కనబడలేదు, ఒక్కరూ రాలేదు. వచ్చేవాళ్ళున్న చోటికి నేను వెళ్ళలేదు, అంతే. దేవుడు పిలిచింది కలిసి ఉండమనేనని ఆ ముసలాయన రొట్టె విరవకుండా నాకు చెప్పాడు. చెప్పేసరికి ఆయనకు గది లేదు, నాకు ఊరు లేదు. పోయిన ఆదివారం మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉన్న ఒక సంఘం గేటు దాకా వెళ్ళాను. లోపల పాట వినబడుతోంది, నాకు తెలిసిన పాటే. చెప్పులు విడిచే చోట చాలా జతలున్నాయి. ఉత్తరం మీద తేదీ చూసి లోపల ఏమనుకుంటారోనని కాసేపు నిలబడి, ఇంటికొచ్చి ఫోన్ పెట్టుకున్నాను. పెద్దమ్మకు ఫోన్ చేస్తే, ఈ శనివారం రొట్టె చేయలేదని చెప్పింది.

ఒక్క సలహా మాత్రం ఇవ్వగలను. ఊరు మారేటప్పుడు మీవాళ్ళు ఉత్తరం రాసిస్తే, కొత్త ఊళ్ళో మొదటి ఆదివారమే తీసుకెళ్ళి ఇచ్చేయండి. సామాన్లు సర్దుకోకపోయినా పర్వాలేదు, మాసిన బట్టలైనా పర్వాలేదు. రెండో ఆదివారానికి మొహం చెల్లదు.